ఆ ఫొటోలో ఉన్నది మా అవ్వ

ప్రతి జూన్‌లోనూ బడి తెరిచిన మొదటి వారంలో మయూరి ఒక అబద్ధం రాసేది. ఆ అబద్ధం పేరు ‘నా అభిరుచి’. అయిదో తరగతిలో మాత్రం నిజమే రాసింది. తనకు క్యారమ్ ఆడడం ఇష్టమని, కింది అంతస్తులో ఉండే బంటీని, వాడి అన్నను కూడా ఓడించానని, మహా సంబరంగా రాసింది. టీచరు ఎర్ర పెన్నుతో అదంతా కొట్టేసి, “క్యారమ్ పనీపాటా లేనివాళ్ల ఆట. ఆడపిల్లలు రాయాల్సిన అభిరుచి కాదు” అని, పైన తనే ‘పుస్తక పఠనం’ అని రాసింది. ఆ తర్వాత పదో తరగతి దాకా మయూరి అభిరుచి పుస్తక పఠనమే అయింది. ఇంట్లో పాఠ్యపుస్తకాలు తప్ప మరో పుస్తకం లేదు. అయినా ఆ వ్యాసాన్ని ఇంగ్లీషులోనూ, మరాఠీలోనూ, హిందీలోనూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలదు. ఒకే అబద్ధాన్ని మూడు భాషల్లో చెప్పగలగడాన్నే బళ్లో భాషలు రావడం అంటారని ఆమెకు త్వరగానే అర్థమైంది. అర్థమైనప్పటి నుంచి ఆ మూడు నోట్లోంచి వస్తుంటే నాలుక మీద ఏదో పాచి పేరుకున్నట్టుండేది.

రెండో అబద్ధం అడ్రసు. అది ఆమె చెప్పింది కాదు, తండ్రి మంగేష్ చెప్పించింది. వాళ్లుండేది కామాఠీపురాలో, పదకొండో గల్లీలో, వరస గదులున్న మూడంతస్తుల పాత చాళిలో, పై అంతస్తు గదిలో. బడి రికార్డులో మాత్రం నాగ్‌పాడా. మంగేష్ ఫోర్టు ప్రాంతంలో ఒక ఆఫీసులో ప్యూను. చేర్పించిన రోజే కూతురికి చెప్పాడు. “ఎవరన్న అడిగితె నాగ్‌పాడా అను. ఆ పేరు దియ్యకు. సమజ్ అయిందా?” ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల పేటగా ఊరంతా ఎరిగిన ఆ పేరు తీస్తే ఏమవుతుందో ఏడో తరగతిలో తెలిసింది. ఎవరో పిల్ల నోరు జారి కామాఠీపురా అన్నందుకు వెనక బెంచీల్లో ఈల వినిపించింది. ఆ పిల్ల మరుసటేడు బడికి రాలేదు. మయూరి ఆ పిల్ల పక్కనే కూర్చునేది. ఆ రోజు తలొంచుకుని పెన్సిలు చెక్కుకుంది. ఈల వేసిన వాళ్ల మీద ఎంత రోత పుట్టిందో, పెన్సిలు చెక్కుకున్న తన చేతుల మీదా అంతే పుట్టింది.

ఇక తెలుగు. ఇంట్లో అన్నం తినేటప్పుడూ, తిట్లు తినేటప్పుడూ మాత్రమే వినిపించే భాష అది. వీధిలోకి దిగితే మరాఠీ, బజారుకెళితే హిందీ. తొమ్మిదో తరగతి సెలవుల్లో ఆమెకు తెలుగు అక్షరాలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఆదివారాలు ఒక సంఘం హాల్లో తెలుగు పాఠాలు చెప్తారంటే వెళ్లింది. చెప్పేది హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు భార్య. రెండో ఆదివారం మయూరి చెయ్యెత్తి, “బాయీ, నాకు గిది సమజ్ అయితలేదు” అంది. ఆవిడ నవ్వి, పక్కనున్న పెద్దాయనతో, “ఇది తెలుగేనంటారా? పాపం, వీళ్లకి ఏ భాషా సరిగ్గా రాదు” అంది. మూడో ఆదివారం మయూరి మంచం దిగలేదు. అప్పటికి ‘ఱ’ దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

పదో తరగతి మొదలైన ఏడాది వానాకాలంలో ఒక శనివారం మయూరి ఫోరస్ రోడ్ మీద కొత్తిమీర కట్ట, పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తోంది. ఎదురుగా ఒక గుంపు. గొడుగులు, కెమెరాలు. ఎవరో ఒకాయన చెయ్యి చాపి పాత మేడల వైపు చూపిస్తూ వివరిస్తున్నాడు. వాళ్ల మధ్యలో ఖాదీ కుర్తాలో చరిత్ర మాష్టారు అతుల్ సర్ ఉన్నాడు. మయూరి పక్కకు తప్పుకోబోయింది గానీ ఆయన చూడనే చూశాడు.

“మయూరీ! నువ్విక్కడేం చేస్తున్నావు?”

ఎందుకో ఆ క్షణాన నాగ్‌పాడా నోటికి రాలేదు. “ఇక్కడే ఉంటాం సర్” అంది.

ఆయన ముఖంలో జాలి కనిపిస్తుందేమోనని ఆమె భయపడింది. కనిపించింది అది కాదు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న వస్తువు కాలికి తగిలినవాడి ముఖంలా వెలిగిపోయింది. పక్కనున్న స్నేహితురాలితో ఇంగ్లీషులో, “నా స్టూడెంటు. ఇక్కడి పిల్ల” అన్నాడు. ఆవిడ కెమెరా ఎత్తింది. మయూరి పాల ప్యాకెట్టు ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంటికి నడిచింది.

సోమవారం అతుల్ సర్ ఆమెను స్టాఫ్ రూముకు పిలిచాడు. ఊళ్లోని బళ్లన్నిటికీ కలిపి ఒక పోటీ ఉందట, ‘నా పేటకు నేనే చరిత్రకారుణ్ణి’ అని. ముందు బడిలో, తర్వాత దాదర్‌లో ఒక కాలేజీ హాల్లో. “నీకంటే బాగా ఎవరు రాయగలరు? నీ గొంతుతో రాయి. భయపడకు” అన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక టీచరు ఆమెను అబద్ధం రాయొద్దన్నాడు. మయూరి ఆ సాయంత్రం గ్రాంట్ రోడ్ స్టేషన్ దాటి ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఇంట్లో చరిత్ర తెలిసిన మనిషి ఒక్కర్తే, మంగేష్ తల్లి మల్లవ్వ. మోకాళ్లు పోయి, పొద్దంతా గది ముందున్న గ్యాలరీలో పీట వేసుకుని కూర్చుంటుంది. మయూరి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అడిగింది.

“అవ్వా, మనోళ్లు ఈడికి ఎందుకొచ్చిన్రు?”

“ఎందుకొస్తరే? ఆకలికి వచ్చిన్రు. పాలమూరుకెల్లి మా అత్తోళ్ల అవ్వ తరం వచ్చింది. ఈడ సముద్రం పూడ్సి జాగ జేస్తున్నరంట, మేడలు కడుతున్నరంట. రాళ్లు మోసిన్రు, సున్నం మోసిన్రు. నేను పెండ్లయి వచ్చినంక నేను గూడ తట్ట మోసిన.”

“ఏ బిల్డింగ్?”

“ఒకటా? సర్చ్‌గేట్ పక్కన గా గుండ్రపు మెట్లది ఉన్నది సూడు, గది. డాబా మీద సున్నం పోసి, ఆడోళ్లం వరసగ కూసోని కర్రబద్దలతోటి కొడుతుంటిమి. అందరి దెబ్బ ఒక్కపారే పడాలె. తప్పితే మేస్త్రీ నోటికెంతొస్తె అంత అనేటోడు. అందుకే పాట వాడుతుంటిమి. పాటుంటె దెబ్బ తప్పది.” మల్లవ్వ పీట మీద అరచేత్తో దరువు వేసి చూపించింది. తర్వాత నవ్వింది. “మొన్న మీ పప్పా దవఖానకు దీస్కపోతుంటె గా మెట్ల మీద జరసేపు కూసుంటనన్న. వాచ్‌మెన్ లెవ్వమన్నడు. నేను మోసిన మెట్లే గవి!”

ఆమె ట్రంకు పెట్టె తీయించి ఒక ఫొటో ఇచ్చింది. నలుపు తెలుపు. తట్టలు ఎత్తుకున్న ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. మూడో మనిషి మల్లవ్వ. కొంగు నడుముకు దోపుకుని, కెమెరావైపు కాకుండా పక్కమనిషి వైపు చూసి నవ్వుతోంది. ఆమె వయసులో దిగిన ఫొటో అదొక్కటే. “పని కాంగనె తెచ్చియ్యాలె” అని మరీ మరీ చెప్పింది.

మయూరి నాలుగు పేజీలు రాసింది. సున్నం, తట్ట, దరువు, మెట్ల మీంచి లేపేసిన వాచ్‌మెన్. చివర్లో తన క్యారమ్ గురించి కూడా. వానాకాలంలో గ్యాలరీలో బోర్డు వేస్తే చాళి అంతా చుట్టూ మూగుతారని, తెలుగోళ్లూ, మరాఠీలూ, ముస్లింలూ అందరూ ఒకే భాషలో అరుస్తారని రాసింది. బోర్డు మీది ఎర్ర కాయిన్ కోసం జరిగే ఆ అరుపులకు ఏ భాష అని పేరు పెట్టాలో తనకు తెలియదని రాసింది.

అతుల్ సర్ చదివి, “చాలా బాగుంది. కొంచెం పదును పెడదాం” అన్నాడు.

వారం తర్వాత ఆయన ఇచ్చిన కాగితాల్లో ఆమె రాసిన వాక్యం ఒక్కటే మిగిలింది, ‘మా పూర్వీకులు కూలీలుగా వచ్చారు’ అన్నది. తక్కినదంతా వేరే ఎవరి బతుకో. ‘సూర్యుడు కూడా సిగ్గుపడి తొంగిచూడని గల్లీలో నేను పుట్టాను’ అని మొదలయింది. ‘మా నాయనమ్మ చేతులకు కన్నీళ్లు తుడుచుకోవడం తప్ప మరేమీ తెలియదు’ అని ఉంది. క్యారమ్ ఉండాల్సిన చోట ఇలా ఉంది: ‘మీ పిల్లలకు ఎన్నో అభిరుచులు. నా అభిరుచి ఒక్కటే, రాత్రి కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి ముందు ఆగే ట్యాక్సీలను లెక్కపెట్టడం.’

మయూరి ఆ వాక్యం మీద వేలు పెట్టింది. “సర్, మా కిటికీ అటువైపు లేదు. లోపలి సందులోకి ఉంటుంది.”

“అది సాహిత్యంలో సత్యం, మయూరీ. భౌతిక సత్యం వేరు.”

“ఆ ఆడవాళ్లు వేరే గల్లీలో ఉంటారు సర్. మా అమ్మ దగ్గర చీరలకు ఫాల్ కుట్టించుకుంటారు. వాళ్లని చూసి నేనెప్పుడూ ఏడవలేదు.”

“చూడు.” ఆయన గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే ఆమెకు మరీ వెగటుగా అనిపించింది. “సున్నం గురించి ఎవరు వింటారు? జడ్జీలు వినాలంటే వాళ్ల గుండె కదలాలి. ఇదంతా మీ జనం కోసమే. నువ్వు మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?”

మాట్లాడేది తను కాదు కదా అని ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. పైగా అంత పెద్ద టీచరు తనను కూర్చోబెట్టి అంతసేపు మాట్లాడడం అదే మొదలు. తలూపింది. ఆ తలూపడం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఎన్నో రోజులు దుప్పటి ముఖం మీదికి లాక్కునేది.

బడిలో పోటీ రోజున మంగేష్ సగం రోజు సెలవు పెట్టాడు. మల్లవ్వ పట్టంచు చీర కట్టింది, మోకాలి నొప్పికి మాత్ర వేసుకుని ట్యాక్సీలో వచ్చింది. ఇద్దరూ మూడో వరుసలో, వీపులు కుర్చీకి ఆనించకుండా కూర్చున్నారు. స్టేజి మీద స్టాండుకు కట్టిన చార్టు, దాని నడుమ మల్లవ్వ ఫొటో. తన ఫొటో అంత ఎత్తున కనబడగానే మల్లవ్వ కొడుకును మోచేత్తో పొడిచింది.

మయూరి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో సర్ గీతలు గీసి మరీ నేర్పాడు. ‘ఈ వీధిలో పుట్టడమే నేను చేసిన నేరమా?’ అని అడిగి అయిదు లెక్కపెట్టే దాకా ఆగాలి. ఆగింది. హాలంతా గప్‌చుప్. ఆ నిశ్శబ్దంలో మల్లవ్వ చప్పట్లు కొట్టింది. మనవరాలు ఏదో గొప్ప మాట అన్నదని, అందరూ మర్చిపోయినట్టున్నారని అనుకుంది కాబోలు, గట్టిగా, మనసారా కొట్టింది. మంగేష్ కూడా అందుకున్నాడు. వాళ్లను చూసి హాలంతా కొట్టింది. సూర్యుడు తొంగిచూడని గల్లీ మనిషి, కన్నీళ్లు తప్ప ఏమీ తెలియని చేతులతో, నవ్వుతూ చప్పట్లు కొడుతోంది. మయూరి ఆమె వైపు చూడలేక గోడ గడియారానికి చెప్పినట్టుగా తక్కిన ప్రసంగం చెప్పేసింది.

మొదటి బహుమతి వచ్చింది. కిందికి దిగేసరికి ఎవరో పిల్లవాడి తల్లి మల్లవ్వ రెండు చేతులూ పట్టుకుని ఉంది. ఆవిడ కళ్లలో నీళ్లు. “ఆప్ బహుత్ బ్రేవ్ హో” అంటోంది. మల్లవ్వకు ‘బ్రేవ్’ తెలియదు గానీ మెచ్చుకుంటున్నదని తెలిసింది. “ఘర్ ఆవో బేటా, చాయ్ పీనే” అని ఆప్యాయంగా పిలిచింది. ఆవిడ చేతులు ఠక్కున వెనక్కి తీసుకుంది. “హాఁ, హాఁ, కభీ జరూర్” అంటూ జనంలో కలిసిపోయింది. వెళుతూ వెళుతూ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న సీసా తీసి చేతులకు రాసుకోవడం మయూరి చూసింది.

ట్యాక్సీలో మల్లవ్వ అడిగింది. “ఏం జెప్పినవే? గంత మంది ఏడ్సిన్రు!”

“నువ్వు చెప్పిందే అవ్వా. తట్ట, సున్నం...”

“మెట్ల సంగతి?”

“అది గూడ.”

మల్లవ్వ ఆ రాత్రి చాళి మొత్తానికీ చెప్పింది. తన పని గురించి ఇంగ్లీషులో చెప్తే పెద్ద పెద్దోళ్లు ఏడ్చారని, వాచ్‌మెన్ గాడి సంగతి కూడా వాళ్లకు తెలిసిపోయిందని. మర్నాడు పొద్దున నీళ్లు పట్టుకునే దగ్గర ఒకామె మయూరి గడ్డం పట్టుకుని, “అవ్వ పేరు నిలబెట్టినవ్ బిడ్డా” అంది. మయూరి బిందె అక్కడే వదిలేసి మెట్లెక్కింది. గ్యాలరీలో మల్లవ్వ ముందు కూర్చుని, సర్ ఇచ్చిన కాగితాలు తీసి, ఒక్కో వాక్యాన్నీ తెలుగులోకి మార్చి చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో మాటలు దొరకలేదు. దొరికిన మాటలు నోటికి రావడం ఇంకా కష్టమయింది. ఇంగ్లీషులో నున్నగా జారిపోయిన ప్రతి వాక్యమూ, అవ్వ భాషలో, అవ్వ ముఖం మీద పడేసరికి పచ్చి బూతులా వినిపించింది.

మల్లవ్వ చివరిదాకా వింది.

“నేను ఏడ్సిన్నని నీకు ఎవరు జెప్పిన్రే?”

“ఎవరూ చెప్పలే.”

“మా ఆయన పోయిననాడు ఏడ్సిన. మల్ల ఎన్నడేడ్సిన? గా ఆడోళ్లు... ఆళ్ల బతుకు ఆళ్లది. ఆళ్లనన్న అడిగిండా మీ సర్? నన్నడిగిండా?” కొంగుతో పెదాలు తుడుచుకుంది. “గందుకా గామె నా చెయ్యి పట్టుకున్నది! నేను సప్పట్లు గొట్టిన గదనే... తూ.”

గ్యాలరీ కమ్మీల మీంచి కిందికి ఉమ్మింది. లోపలి నుంచి మంగేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. “ఇనామ్ వచ్చింది గదా అవ్వా, ఇంగ ఇడ్సిపెట్టు. ఇంగ్లీష్ల ఏదో ఒకటి అంటరు. పోరికి ఈ ఏడు దస్వీ పరీక్ష ఉన్నది.”

“నా ఫొటో దెచ్చియ్యమను” అంది మల్లవ్వ.

దాదర్ పోటీకి తాను రానని మయూరి చెప్పినప్పుడు అతుల్ సర్ కోప్పడలేదు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, “సరే, అది నీ ఇష్టం. కానీ ప్రసంగం బడిది కదా. సీమా చదువుతుంది. తన ఉచ్చారణ కూడా బాగుంటుంది” అన్నాడు. సీమా వాళ్లది మాహీం. వాళ్లింట్లో తెలుగు ముక్క ఎవరికీ రాదు. “చార్టు నువ్వే కదా చేసింది, సాయానికి మాత్రం రా.” ఫొటో ఇమ్మని అడిగితే, పోటీ అయ్యాక ఇస్తానన్నాడు. అందుకని మయూరి వెళ్లింది. ఫొటో కోసం మాత్రమే వెళ్లింది.

సీమా అద్భుతంగా చదివింది. ‘సూర్యుడు కూడా సిగ్గుపడి’ దగ్గర గొంతు వణికింది. ‘మా నాయనమ్మ’ అన్నప్పుడు వెనక్కి తిరిగి చార్టు మీది మల్లవ్వను చేత్తో చూపింది. ట్యాక్సీల దగ్గర దాని కళ్లలోంచి నిజంగానే నీళ్లు జారాయి. ముందు వరుసలో కూర్చున్న మయూరికి ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. అబద్ధం తన నోట్లో ఉన్నంతకాలం అది కనీసం తన అబద్ధంలా ఉండేది. ఇప్పుడది ఇంకొకరి ఒంటి మీద కూడా అచ్చంగా కుట్టించినట్టు సరిపోయింది.

జడ్జీల్లో తెల్ల చొక్కా పెద్దాయన మైకు అందుకున్నాడు. “చాలా కదిలించావమ్మా. ఒక్క చిన్న కోరిక. మీ నాయనమ్మ మాటలు ఆవిడ భాషలోనే ఒక్క వాక్యం వినాలని ఉంది. చెప్పు.”

సీమా సర్ వైపు చూసింది. సర్ మయూరి చెవి దగ్గరికి వంగాడు. “నువ్వు పైకి వెళ్లు. చెల్లెలివని చెప్పు. తెలుగులో ఏదో ఒకటి అను. నాలుగు ముక్కలు చాలు, ఎవరికి అర్థమవుతుంది?”

ఎవరికి అర్థమవుతుంది! మయూరి లేచింది. మెట్లెక్కి సీమాను దాటి నేరుగా చార్టు దగ్గరికి వెళ్లింది. ఫొటో నాలుగు మూలలా ఉన్న పిన్నులు ఒక్కొక్కటే పీకింది. మూడో పిన్ను వేలికి గుచ్చుకుంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

“ఏం చేస్తున్నావమ్మా? నువ్వెవరు?” అన్నాడు పెద్దాయన.

మయూరి హాలంతటికీ తెలిసిన మరాఠీలోనే చెప్పింది. “ఈ ఫొటోలో ఉన్నది మా అవ్వ. సీమాకు ఏమీ కాదు. ఇప్పుడు చదివింది సీమా కథ కాదు, నా కథా కాదు. మా సర్ రాశారు. మా అవ్వ ఈ ఊళ్లో మేడలు కట్టింది. నేను ట్యాక్సీలు లెక్కపెట్టలేదు. క్యారమ్ ఆడాను.”

‘క్యారమ్’ అనగానే ఎవరో కిసుక్కుమన్నారు. ఫొటో గుండెకు అదుముకుని దిగిపోయింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఎక్కడైనా కాసిని నీళ్లు దొరికితే నోరు పుక్కిలించాలనిపించింది.

బాత్రూములో సీమా కుళాయి దగ్గర నిలబడి ఏడుస్తోంది. “నీకు గొంతు పోయిందన్నారు. నువ్వే నన్ను చదవమన్నావని చెప్పారు సర్. నాకు తెలిస్తే...” అని ఆగి, ముక్కు తుడుచుకుని, చిన్న గొంతుతో అడిగింది. “కానీ మయూరీ, అదంతా నిజమే కదా? మీ దగ్గర అలాగే కదా ఉంటుంది?”

మయూరి నోరు పుక్కిలించి, ఉమ్మి, బయటికి వచ్చేసింది.

బడిని పోటీ నుంచి తప్పించారు. రెండు రోజులకు హెడ్‌మాస్టరు మంగేష్‌ను పిలిపించాడు. అతుల్ సర్ కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ ఉంది. మేలు చేయబోతే చెయ్యి కరిచారన్నట్టు చూస్తున్నాడు. బడి పరువు, పిల్ల క్రమశిక్షణ, బోర్డు పరీక్షలు అంటూ హెడ్‌మాస్టరు చాలాసేపు చెప్పాడు. అడ్మిషన్‌లో తప్పుడు అడ్రసు ఇచ్చిన సంగతి కూడా ఎత్తాడు. మంగేష్ కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చేతులు జోడించాడు.

“పిల్ల తప్పు చేసింది సర్. చిన్నది. మాఫ్ చేయండి సర్.”

ఈలలు విన్నప్పుడూ, చప్పట్లు విన్నప్పుడూ కలగనంత ఏవగింపు మయూరికి ఆ జోడించిన చేతుల్ని చూస్తే కలిగింది. తను కూడా క్షమించమని అడగాలన్నారు. అడిగింది. ఏ భాషలో అడిగిందో ఆమెకు గుర్తులేదు.

బయటికొచ్చాక మంగేష్ నాగ్‌పాడా దాకా ముందు నడిచాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరగకుండానే అన్నాడు. “దస్వీ అయ్యేదాంక నోరు మూస్కో. నీకు దండం బెడ్త.”

“నువ్వెందుకు చేతులు జోడించినవ్ పప్పా? తప్పు నాదా?”

“కాదు.” బస్సు ఒకటి పోయేదాకా ఆగాడు. “ఇరవై ఏండ్లయింది ఆ ఆఫీసుల చేరి. ఇయ్యాల్టికి గూడ నాగ్‌పాడా అనే చెప్త. ఒకనాడు మా సాహెబ్, కామాఠీపురా గురించి ఏదో గలీజు జోక్ చేసిండు. అందరు నవ్విన్రు. చాయ్ కప్పులు పట్టుకొని నేను గూడ నవ్విన.”

సిగ్నల్ పడింది. మయూరి ఆయన వెంట రోడ్డు దాటింది. ఆ చేతుల మీది అసహ్యం పోలేదు. కానీ అది ఆయన ఒక్కడి మీదే మిగల్లేదు. ఏడో తరగతిలో చెక్కుకున్న పెన్సిలు గుర్తొచ్చింది.

అర్ధవార్షికంలో చరిత్ర ఇంటర్నల్ మార్కులు ఇరవైకి తొమ్మిది వచ్చాయి. అతుల్ సర్ క్లాసులో ఆమె వైపు చూడడం మానేశాడు. పాఠం మాత్రం బాగానే చెప్పేవాడు, అణగారిన వాళ్ల గొంతుల గురించి మరీ బాగా చెప్పేవాడు. వెనక బెంచీల్లో కొన్నాళ్లు “ట్యాక్సీ, ట్యాక్సీ” అన్నారు. తర్వాత విసుగెత్తి మానేశారు. సీమా మాత్రం రెండుసార్లు దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది. సంఘం హాల్లో తెలుగు క్లాసుకు మయూరి మళ్లీ వెళ్లలేదు. ఫోనులో గుణింతాలు, ఒత్తులు వెతికి, ఆగిపోయిన ‘ఱ’ దగ్గర నుంచి తనే నేర్చుకుంది. రాత్రి భోజనాలయ్యాక మల్లవ్వ చెప్పిన మాటను చెప్పినట్టే రాసి వినిపించేది. “గట్లనే రాసినవా? ‘దెబ్బ తప్పది’ అనే రాసినవా?” అని మల్లవ్వ రెట్టించి అడిగేది. అలాగే రాశానని చెప్తే, ఇంకోటి చెప్పేది.

ఫిబ్రవరిలో బడి పత్రిక వచ్చింది. నిగనిగలాడే దళసరి కాగితం. మధ్యలో రెండు పేజీల్లో ‘సూర్యుడు సిగ్గుపడే గల్లీ’ అచ్చయింది. కింద ‘ఒక విద్యార్థిని’ అని ఉంది. మల్లవ్వ ఫొటో దొరకలేదు గనక ఎక్కడిదో కటకటాల కిటికీ బొమ్మ వేశారు. మయూరి దాన్ని బస్టాపులో ఒకసారి చదివింది. అక్షరం కూడా మారలేదు. మొదట్లో లాగా రోత పుట్టలేదు. రోజూ మోరీ పక్కనుంచి నడిచేవాళ్లకు వాసన అలవాటయినట్టు అయిపోయిందా అని తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి తల్లి తారాబాయి స్టవ్ దగ్గర మిర్చి బజ్జీలు వేస్తోంది. మల్లవ్వ పళ్లెం పట్టుకుని ముందు కూర్చుంది.

“ఏం బుక్కే అది? మంచిగున్నది” అంది మల్లవ్వ.

“రద్దీ అవ్వా, పనికిరాని కాయిదం” అంటూ మయూరి నడుమ పేజీలు రెండూ చించి పళ్లెంలో పరిచింది. తారాబాయి చిల్లుల గరిటెతో బజ్జీలు తీసి వాటి మీద వేసింది.

మల్లవ్వ ఒక బజ్జీ అందుకుని, వేళ్లు చూసుకుని, ముఖం చిట్లించింది. కాగితం అంచు ఎత్తి చూసింది. నూనె అంతా పైనే నిలబడి అటూ ఇటూ పారుతోంది.

“ఇదేం కాయిదమే?” అంది. “నూనె గూడ పీలుస్తలేదు. వేరేది దే.”